కాకులకు తెలిసిన మీసం

సుహాసినికి ఆ ప్రశ్న మధ్యాహ్న భోజనం దగ్గర పుట్టింది. వంట చేసే దుర్గ గిన్నె పట్టుకుని షెడ్డులోంచి బయటికొస్తే చాలు, బాదం చెట్టు మీది కాకులన్నీ దిగి ఆమె వెనకాలే నడిచేవి. అదే గిన్నెతో సుహాసిని వెళ్తే ఒక్కటీ కొమ్మ దిగేది కాదు. మెతుకులు చల్లినా, ఆమె వెనక్కి వెళ్లిపోయేదాకా పైనుంచి చూస్తూ కూచునేవి.

నౌపడ స్టేషన్ నుంచి ఉప్పుమళ్ల వైపు పోయే రోడ్డు మీద ఉంది ఆ హైస్కూలు. సుహాసిని అక్కడ తొమ్మిదో తరగతి చదువుతోంది. సైన్సు చెప్పే లీలారాణి టీచరు, ఆ ఏడాది జిల్లా సైన్సు ఫెయిర్‌కి ఏం చేస్తారో ఆలోచించుకుని రమ్మంది. మిగతావాళ్లు సోలార్ కుక్కరు, అగ్నిపర్వతం అంటూ లేచారు. సుహాసిని లేచి, "టీచర్, కాకులికి మనుషులు గుర్తుంటారేటండి?" అని అడిగింది.

క్లాసంతా నవ్వింది. టీచరు నవ్వలేదు.

"ఉంటారో ఉండరో నువ్వే చూడు. వేరే దేశాల్లో ముసుగులు వేసుకుని ఇలాంటి పరీక్షే చేశారు. ఒక ముసుగు మనిషి కాకుల్ని పట్టుకుని వదిలేశాడు. ఆ ముసుగు ఎవరు వేసుకున్నా అవి వెంటపడ్డాయి. మనం అలా పట్టుకోవడాలు చెయ్యం. ఒక ముసుగు మనిషి తిండి పెట్టాలి, ఇంకో ముసుగు మనిషి ఊరికే నిలబడాలి. దేని దగ్గరికొస్తాయో చూడాలి. అంతవరకే. గూటి జోలికి మాత్రం వెళ్లొద్దు."

ముసుగు అనేసరికి ఫిన్నీ చెయ్యెత్తాడు. మార్కుల్లో వాడు సుహాసినికి చాలా వెనక. చెట్లెక్కడంలో మాత్రం బడి మొత్తానికి ముందు. వాళ్లమ్మ శాంతి చర్చిలో సండేస్కూలు చెబుతుంది. క్రిస్మస్ నాటకానికి కాగితం గుజ్జుతో ముసుగులు చేసేది ఆవిడే. ఆ ముసుగులన్నీ చర్చి వెనకగదిలో ఊరికే పడున్నాయని ఫిన్నీ చెప్పాడు. అలా వాడు ప్రాజెక్టులో చేరాడు.

రెండు ముసుగులు తెచ్చాడు. ఒకటి గొర్రెల కాపరిది, మెత్తటి మొహం. రెండోది పసిపిల్లల్ని చంపించే చెడ్డరాజుది. కోపపు కనుబొమలు, లావు ముక్కు, నల్లరంగు వేసిన జనపనారతో రెండు పక్కలా మెలి తిరిగిన మీసం. సుహాసిని కాపరి ముసుగు వేసుకుని అన్నం మెతుకులు, ఎండుచేప ముక్కలు చల్లేది. ఫిన్నీ రాజు ముసుగు వేసుకుని కొంచెం దూరంలో చేతులు కట్టుకుని నిలబడేవాడు.

కాకులు కాపరిని తొందరగానే పట్టేశాయి. సుహాసిని ముసుగు తగిలించుకునేలోపే గోడ మీదికి వచ్చి వాలేవి. ముసుగు తీసి వెళ్తే పట్టించుకునేవి కావు. ఆమెకు సంతోషంతో రాత్రి అన్నం సయించేది కాదు. ఫిన్నీకి మాత్రం చిరాకు మొదలైంది.

"నన్నొకటీ సూడట్లేదే. స్తంభం నిలబడ్డట్టు నిలబడతన్నాను," అన్నాడు ఒకరోజు.

"నీ పనే అది కదా. నిన్ను సూడకపోతేనే మనకి రిజల్టు," అంది సుహాసిని.

"ఇదేం రిజల్టు. తిండి పెట్టినోల్లని ఎవులైనా గుర్తుపెట్టుకుంటారు."

ఆ మాట వాడి బుర్రలో తిరుగుతూనే ఉంది. బాదం చెట్టు పైకొమ్మలో ఒక గూడుంది. ఇనప తీగముక్కలు, చీపురుపుల్లలు, ఎవరిదో ఎర్ర రిబ్బను, అన్నీ కలిపి కట్టిన గూడు. మేడమీది వరండాలోంచి చూస్తే మూడు ఎర్రటి నోళ్లు కనిపించేవి. సుహాసిని జ్వరంతో బడికి రాని రోజున, సాయంత్రం అందరూ వెళ్లిపోయాక ఫిన్నీ రాజు ముసుగు కట్టుకుని చెట్టెక్కాడు. ఒక కాకిపిల్లని చేతిలోకి తీసుకుని, కిందికి దిగి, కాసేపు అటూ ఇటూ నడిచి, మళ్లీ ఎక్కి గూట్లో పెట్టేశాడు. ఆ కాసేపట్లో ఊళ్లో కాకులన్నీ ఆ చెట్టు మీదే ఉన్నాయి. దిగేటప్పుడు వాడి చొక్కా రెండుచోట్ల చిరిగింది, మెడ మీద గీరుకుపోయింది. అయినా నవ్వుకుంటూనే ఇంటికెళ్లాడు.

సుహాసిని జ్వరం తగ్గి వచ్చేసరికి కాకులు రాజుని గుర్తుపట్టడం నేర్చేసుకున్నాయి. ముసుగు సంచీలోంచి తియ్యడం ఆలస్యం, అరుపులు మొదలయ్యేవి. ఆమె మొదట ఆశ్చర్యపోయింది. తర్వాత వాడి మెడ చూసింది. అడిగితే వాడు దాచలేదు.

"టీచరు వద్దన్నారు కదరా," అంది.

"పిల్లకేటీ అవ్వనేదు. ఎక్కడున్నదాన్ని అక్కడే ఎట్టీసినాను. సూడు ఇప్పుడు, ఎంత బాగా పనిసేస్తందో."

బాగానే పనిచేస్తోందని ఆమెకూ అనిపించింది. అందుకే గట్టిగా తిట్టలేకపోయింది. టీచరుకి చెప్పాలనుకుంది గానీ ఆ రోజు చెప్పలేదు, మర్నాడూ చెప్పలేదు.

అప్పుడు గేటు అప్పారావు కథ మొదలైంది.

అప్పారావు రైల్వేలో గేట్‌మేన్‌గా చేసి రిటైరయ్యాడు. సుహాసిని వాళ్లమ్మ కుమారికి వరసకు బాబాయి అవుతాడు. అందుకని సుహాసినికి తాత, ఆమెను చూసి బడిపిల్లలందరికీ తాతే. ఆయనకున్న ఆస్తి మీసం. వారానికోసారి రంగేసి, పొద్దున్నే కొబ్బరినూనె రాసి, రెండు కొసలూ పైకి మెలేసి గాని బయటికి రాడు. బడి గోడ పక్కనే ఉన్న జగ్గమ్మ టీ బడ్డీకి రోజూ వచ్చి, పేపరు చదివి, చదివినదాన్ని జగ్గమ్మకు వినిపించి వెళ్తాడు.

ఒక పొద్దున్న ఆయన గోడ మలుపు తిరగ్గానే ఒక కాకి వెనకనుంచి వచ్చి నెత్తిమీద తన్నింది. ఆయన కండువా విసిరాడు. ఇంకోటి వచ్చింది.

"కాకి తన్నిందంటే మంచిది కాదు బాబూ. ఇంటికెల్లి తలమీద నీల్లోసుకో," అంది జగ్గమ్మ.

ఆయన వెళ్లి స్నానం చేశాడు. మర్నాడు మళ్లీ తన్నింది. ఆ మర్నాడూ. జగ్గమ్మను ముట్టుకోవు, సైకిళ్ల మీద పోయే పిల్లల్ని ముట్టుకోవు, ఉప్పుమళ్లకు పోయే కూలీలను ముట్టుకోవు. ఆయన తలకాయ కనబడితే చాలు, బాదం చెట్టంతా గోలే. పాపం, గొడుగు వేసుకుని రావడం మొదలుపెట్టాడు. కాకులు గొడుగు కిందనుంచి తొంగి చూసి మరీ అరిచేవి.

సుహాసిని వరండాలోంచి అది చూసింది. కాసేపు చూసి, సంచీలోంచి రాజు ముసుగు తీసి, ఒకసారి దాన్నీ ఒకసారి ఆయన్నీ చూసింది. ఆ కనుబొమలు, ఆ ముక్కు, ఆ మీసం.

"ఫిన్నీ, ఇలా రారా. తాతని సూడు."

ఫిన్నీ చూశాడు. వాడి కళ్లు మెరిశాయి. "ఓలమ్మ. ముసుక్కీ మనిషికీ తేడా తెలీకుండా పోయిందే వాటికి. ఇది పెద్ద రిజల్టు. మీసాన్ని బట్టి గుర్తుపడతన్నాయన్నమాట. రాసుకో, రాసుకో."

"రాసుకోవడం కాదు. తాతకి సెప్పాలి."

"సెప్తే ఇంకేటున్నాది? ఆయన ఇటు రావడం మానేస్తాడు. లెక్కంతా పాడైపోతాది. ఫెయిరయ్యాక సెబుదాం."

"ఆయనికి దెబ్బలు తగుల్తన్నాయిరా."

"గొడుగున్నాది కదా."

ఇద్దరూ ఆ రోజంతా మాట్లాడుకోలేదు. తర్వాత మాట్లాడుకున్నారు గానీ ఆ విషయం ఎత్తలేదు. రోజూ పొద్దున్నే వరండాలో నిలబడి, గొడుగు కింద తలవంచుకుని నడిచి వచ్చే ఆ పెద్దాయన్ని చూసేవారు. సుహాసిని రాసుకునేది. రాస్తున్నంతసేపూ ఆమెకు పెన్ను బరువుగా ఉండేది.

ఆదివారం పొద్దున్న కుమారి కూరలు తరుగుతూ, "అప్పారావు బాబాయి మీసం తీయించేస్తన్నాడట," అంది.

సుహాసిని తల దువ్వుకుంటున్నది ఆగిపోయింది. "ఎందుకమ్మా?"

"రేపు వాల్ల నాన్న తద్దినం. జగన్నాధం తాత బతికున్నన్నాల్లూ ఈయన్ని మీసం మెలెయ్యనిచ్చీవోడు కాదు. ఇంటికి పెద్దోన్ని నానుండగా నీకు మీసమేటిరా అనీవోడు. ఆయన పోయాకే ఈయన పెంచినాడు. ఇప్పుడు కాకులన్నీ ఎంటపడి మొహమ్మీదకొస్తంటే, నాన్నకి కోపమొచ్చింది, కాకై వచ్చి తన్నతన్నాడు, అని మనసులో ఎట్టీసుకున్నాడు. పిన్ని సెప్పి ఏడిసింది. అన్నం తినట్లేదట. శివాజీ సెలూనికి ఎల్లినాడు ఇప్పుడే."

సుహాసిని సగం జడతోనే బయటికి పరిగెత్తింది.

ఫిన్నీ చర్చిలో ఉన్నాడు. పాట మధ్యలో ఉంది. వాడు ముందు వరసలో కూచుని తబలా వాయిస్తున్నాడు. సుహాసిని గుమ్మం దగ్గర నిలబడి చెయ్యి ఊపింది. వాడు చూసి, చూడనట్టు ఊరుకున్నాడు. ఆమె చెప్పులు విప్పి లోపలికెళ్లి, ఆడవాళ్ల వరస చివర కూచుని, పాట అయ్యేదాకా వాడి మొహం వైపే చూస్తూ ఉంది. పాటవగానే వాడు లేచి వచ్చాడు. శాంతి అక్కడినుంచే వాడిని కళ్లతో కాల్చేసింది.

బయట ఆమె చెప్పింది విని ఫిన్నీ ముందు నవ్వాడు. "కాకి రూపంలో వాల్ల నాన్నా?" అన్నాడు. ఆమె నవ్వకపోవడం చూసి వాడూ ఆపేశాడు.

"అన్నం తినట్లేదా?" అని అడిగాడు.

"తినట్లేదట."

వాడు సైకిలు తీశాడు. ఆమె వెనక కూచుంది. గేటు దగ్గర గూడ్సు బండి పోతుంటే ఆగాల్సి వచ్చింది. పెట్టెలు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉన్నాయి.

"ముసుగేసుకున్నది నాను. నానే సెప్తాను," అన్నాడు ఫిన్నీ, బండి వైపు చూస్తూ.

శివాజీ సెలూన్లో అప్పారావు మెడదాకా తెల్లగుడ్డ కప్పుకుని, కళ్లు మూసుకుని కుర్చీలో ఉన్నాడు. శివాజీ చేతిలో కత్తెర ఉంది. ఎడమవైపు మెలి అప్పటికే తెల్లగుడ్డ మీద పడి ఉంది.

"తాతా, ఆగు. మీసం తీయించకు," అంది సుహాసిని గుమ్మంలోంచే.

అప్పారావు కళ్లు తెరిచాడు. ఒకవైపు మీసంతో ఆయన మొహం ఎవరిదోలా ఉంది. "ఏటే గుంటా? ఇక్కడ నీకేటి పని?"

ఫిన్నీ ముందుకొచ్చాడు. "తాతా, మీ నాన్నకి కోపం నేదు. కాకులికి కోపం. అది కూడా నీ మీద కాదు. నా మీద."

అని మొత్తం చెప్పాడు. ముసుగు, బాదం చెట్టు, గూడు, పిల్ల, ఏదీ వదల్లేదు. బెంచీ మీద వంతు కోసం కూచున్నవాళ్లు చదివే పేపర్లు దించేశారు. శివాజీ కత్తెర గాల్లోనే ఉంచాడు. ఫిన్నీ చెప్పడం అయ్యాక అప్పారావు అద్దంలో తనని తాను చాలాసేపు చూసుకున్నాడు.

"శివాజీ, రెండోవైపు దానికి సమానం సెయ్యి. అంతకు మించి ముట్టుకోకు," అన్నాడు.

పిల్లల వైపు మాత్రం చూడలేదు. గుడ్డ దులిపించుకుని, గొడుగు తీసుకుని, వాళ్ల పక్కనుంచే నడిచి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ఆయన శాంతి ఇంటికి వచ్చాడు. ఫిన్నీ అప్పటికే వాళ్లమ్మకు అంతా చెప్పేసి, చివాట్లు తిని, గోడకానుకుని నిలబడి ఉన్నాడు. సుహాసిని కూడా అక్కడే ఉంది. ఇంటికెళ్లడానికి కాళ్లు రాలేదు ఆమెకు.

"ఆ ముసుగేదీ, తే," అన్నాడు అప్పారావు మంచం మీద కూచుంటూ.

ఫిన్నీ తెచ్చి ఇచ్చాడు. ఆయన దాన్ని దూరంగా పట్టుకుని చూశాడు, దగ్గరగా పట్టుకుని చూశాడు.

"నా ముక్కు ఇంత లావేటి?" అని అడిగాడు.

శాంతి తల దించుకుంది. "తప్పయిపోయింది బాబాయ్. ముక్కు నాను ఊరికే సేసినాను. మీసం అతికించినప్పుడు మాత్రం కల్లముందు మీరే మెదిలినారు. ఊర్లో ఇంకెవులికున్నాది అలాంటి మీసం?"

ఆ మాట ఆయనకు ఎక్కడో తగిలింది. పెదవులు కదిలాయి. నవ్వు రాబోయి, ఫిన్నీని చూసేసరికి ఆగిపోయింది.

"ఒరే, ఇన్నాల్లూ నాకు నిద్దర నేదు తెల్సా? నాన్నకి నానేటి తక్కువ సేసినానా అని రోజూ ఎతుక్కున్నాను. బతికున్నప్పుడు మాటన్న రోజులన్నీ తవ్వుకున్నాను. నీకు తెలిసీ నాకెందుకు సెప్పనేదు?"

"నువ్వు ఇటు రావడం మానేస్తే లెక్క పాడైపోతాదని."

"నీ లెక్కలో నానున్నానని నాకే తెలవకపోతే ఎలాగరా?"

ఫిన్నీ కళ్లలో నీళ్లు తిరిగాయి. శాంతి లోపల్నుంచి మజ్జిగ తెచ్చి అప్పారావు చేతిలో పెట్టి, కొడుకు వైపు తిరిగింది.

"ఏ రాజు మొహమేసుకున్నావు నువ్వు? పసిపిల్లల జోలికెల్లిన రాజు. నువ్వు సేసిందేటి మరి? నాటకంలో ఏసాలు మనమే ఏసుకుంటాం. ఆ పిల్లకి ఏసమని తెల్సా, దాని తల్లికి తెల్సా?"

అప్పారావు మజ్జిగ తాగేసి గ్లాసు కింద పెట్టాడు. "పోనీ ఊరుకో శాంతీ. మా నాన్నకి కోపం నేదు, అది సాలు. రేపు తద్దినం మనసు పెట్టి సేసుకుంటాను." లేచి గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "కాకుల గొడవ మాత్రం మీరే తేల్చాలి. గొడుగేసుకుని పేపరు సదవలేకపోతన్నాను."

సోమవారం ఇద్దరూ లీలారాణి టీచరు ముందు నిలబడ్డారు. టీచరు అంతా వింది. తర్వాత వాళ్లను మేడమీది వరండాకి తీసుకెళ్లి గూడు చూపించింది. రెండు నోళ్లే కనిపించాయి.

"మూడుండేవి టీచర్," అంది సుహాసిని నెమ్మదిగా.

"మూడోది ఏమైంది?"

"తెలీదండి."

"పడిపోయుండొచ్చు, గద్ద ఎత్తుకెళ్లుండొచ్చు. ఫిన్నీ ముట్టుకున్నదే అయ్యుండొచ్చు, కాకపోవచ్చు. ఇక మనకు ఎప్పటికీ తెలీదు." టీచరు గొంతు పెంచలేదు. "ప్రాజెక్టు ఆపమని నేను చెప్పను. జరిగిందంతా రాయాలి, మీరు చేసిన తప్పుతో సహా. అదీ అప్పారావుగారు ఒప్పుకుంటేనే. ఆయన వద్దంటే ఇక్కడితో సరి."

సాయంత్రం ఇద్దరూ వెళ్లి అడిగారు. అప్పారావు తద్దినం ముగించుకుని అరుగు మీద కూచుని ఉన్నాడు. మొహం తేటపడింది. అంతా విని, "రాసుకోండి. ముందు నా కాకుల్ని నాకు ఇచ్చేయండి," అన్నాడు.

అలా ఆఖరి పరీక్ష మొదలైంది. ఫిన్నీ రాజు ముసుగు వేసుకుని, ఎండుచేప ముక్కలు గోడ మీద పెట్టి, వెనక్కి వెళ్లి నిలబడాలి. మొదట్లో ఒక్క కాకీ ముట్టుకోలేదు. వాడి నెత్తిమీద రెట్ట వేసి పోయాయి. వాడు తుడుచుకుని మళ్లీ నిలబడ్డాడు. దుర్గ వంటషెడ్డులోంచి చూసి నవ్వేది. "బాగయిందిరా నీకు," అనేది, అంటూనే మిగిలిన అన్నం తెచ్చిచ్చేది.

అప్పారావు కూడా ఊరుకోలేదు. జగ్గమ్మ బడ్డీ దగ్గర కూచుని తన పకోడీలో సగం గోడ మీదికి విసిరేవాడు. "ఒలే, నానే. మంచోన్ని," అని కాకులకు నచ్చజెప్పేవాడు. మధ్యలో ఆయనకో ఆలోచన వచ్చి, కండువాతో మూతి మూసుకుని నడిచి చూశాడు. కాకులు తక్కువ అరిచాయి. కండువా తీశాడు, ఎక్కువ అరిచాయి. "సుహాసినీ, రాసుకోవే," అని గోడ అవతలినుంచి కేకేశాడు. ఆ రోజునుంచి ఆయన రోజూ ఏదో ఒకటి చేసి చూసేవాడు. ఒకసారి అద్దాలు పెట్టుకుని, ఒకసారి టోపీ పెట్టుకుని. జగ్గమ్మ తల పట్టుకునేది.

వానలు ముదిరేసరికి గూట్లోని రెండు పిల్లలూ కొమ్మల మీదికి వచ్చాయి. ఆ తర్వాత ఎగిరాయి. ఒకరోజు రాజు ముసుగు ముందే ఒక ముసలి కాకి గోడ మీద వాలి, చేపముక్క ఎత్తుకుని, కంగారేమీ లేకుండా నడుచుకుంటూ పోయింది. అప్పారావు గొడుగు ఇంట్లో పెట్టి రావడం మొదలుపెట్టాడు. మీసం కూడా మళ్లీ పెరిగింది.

సైన్సు ఫెయిర్ శ్రీకాకుళంలో ఒక కాలేజీ హాల్లో పెట్టారు. టీచరు, పిల్లలిద్దరూ టెక్కలిలో బస్సెక్కుతుంటే అప్పారావు ఇస్త్రీ చొక్కాతో అప్పటికే కిటికీ పక్క సీట్లో ఉన్నాడు. "నా మీద ప్రాజెక్టు కదా, నాను రాకపోతే ఎలాగ?" అన్నాడు.

వాళ్ల బల్ల మీద రెండు ముసుగులు, వెనక ఒక చార్టు. చార్టులో సుహాసిని అంతా రాసింది. గూడు సంగతి, మూడో పిల్ల సంగతి కూడా. జనం వచ్చి చదువుతుంటే ఫిన్నీకి చెవులు ఎర్రబడేవి. అయినా అడిగినవాళ్లకు తనే చెప్పాడు.

పక్క బల్ల మీద వేరే బడి పిల్లల రైల్వే గేటు నమూనా ఉంది. బొమ్మ రైలు దగ్గరికి రాగానే గేటు దానంతటదే పడుతుంది. అప్పారావు అక్కడే చిక్కుకుపోయాడు. మళ్లీ మళ్లీ రైలు నడిపించాడు. "గేటు కింద ఆవు ఉంటే ఏటి సేస్తాది ఇది?" అని ఆ పిల్లల్ని అడిగాడు. వాళ్లు మొహాలు చూసుకున్నారు.

జడ్జిగా వచ్చినామె అరుణశ్రీ, జువాలజీ లెక్చరర్. చార్టు మొత్తం నిలబడి చదివింది.

"చివర్లో కాకులు శాంతించాయని రాశారు. మీరు తిండి పెట్టడం వల్లేనా? పిల్లలు ఎగిరిపోయాక కాకులు ఎటూ చల్లబడతాయి కదా."

సుహాసిని టీచరు వైపు చూసింది. టీచరు ఏమీ సాయం చెయ్యలేదు.

"మాకు తెలీదండి. రెండూ ఒకేసారి అయిపోయాయి. ఏది కారణమో చెప్పలేం," అంది సుహాసిని.

"మరి తెలుసుకోవాలంటే?"

"వచ్చే ఏడాది పిల్లలున్నప్పుడు మళ్లీ బెదిరించి చూడాలండి," అన్నాడు ఫిన్నీ. ఒక క్షణం ఆగి, "కానీ అది చెయ్యం. వేరే దారేదైనా వెతకాలి," అన్నాడు.

అరుణశ్రీ మొదటిసారి నవ్వింది. అప్పటికి అప్పారావు గేటు వదిలి వచ్చి చార్టు చదువుతున్నాడు. ఒకచోట వేలు పెట్టి ఆపాడు.

"ఒలే, ఈ 'ఒక గ్రామస్థుడు' ఎవుడే?"

"నువ్వే తాతా," అంది సుహాసిని.

"నాకు పేరు నేదేటి?"

లీలారాణి టీచరు కల్పించుకుంది. "మీకు ఇబ్బంది కలగకూడదని పేరు రాయొద్దని నేనే చెప్పానండి. నలుగురూ చూసేది కదా."

"ఇబ్బందేటమ్మా? తన్నులు తిన్నోన్ని నాను, మీసం కోయించుకున్నోన్ని నాను, కండువా కట్టుకుని తిరిగి సూపించినోన్ని నాను. ఊరూ పేరూ లేనోన్ని సేసీసినారు."

టీచరు అరుణశ్రీ వైపు చూసింది. అరుణశ్రీ ఆయన్నే అడిగింది. "పేరు ఉంటే అందరికీ తెలుస్తుంది. కాకుల్ని చూసి తండ్రిగారని అనుకున్న సంగతి కూడా. పర్వాలేదా మీకు?"

అప్పారావు ఆలోచించాడు. "మా నాన్న సంగతి కొట్టీయండి. అది నా సొంతం. మిగతాది ఉంచండి," అన్నాడు.

సుహాసిని ఆ వాక్యం మీద తెల్లకాగితం అతికించింది. ఫిన్నీ స్కెచ్ పెన్ను తీసి 'ఒక గ్రామస్థుడు' కొట్టేసి, ఇంటిపేరుతో సహా ఆయన పేరు పెద్ద అక్షరాల్లో రాశాడు. 'రిటైర్డ్ గేట్‌మేన్' అని చేర్చమని ఆయన చెప్పాడు. అదీ రాశాడు. ఆ తర్వాత సాయంత్రం దాకా బల్ల దగ్గర మాట్లాడింది అప్పారావే. వచ్చినవాళ్లకు రాజు ముసుగు మొహం పక్కన పెట్టుకుని చూపించాడు. కాలేజీ పిల్లలు ఫోటోలు తీసుకున్నారు.

మొదటి బహుమతి రైల్వే గేటుకి వచ్చింది. సుహాసిని, ఫిన్నీలకు బహుమతి ఏదీ రాలేదు. అరుణశ్రీ మాత్రం వాళ్ల టీచరు ఫోన్ నంబరు తీసుకుని, వచ్చే వేసవిలో కాకులు గూళ్లు కట్టే కాలానికి తన విద్యార్థులతో నౌపడ వస్తానంది. దూరంనుంచే చూద్దాం, అంది.

తిరుగు బస్సు నరసన్నపేటలో ఆగింది. అప్పారావు అందరికీ టీలు ఇప్పించాడు. బస్సు మళ్లీ కదిలాక ఫిన్నీ వెనక సీట్లోంచి ముందుకు వంగాడు.

"తాతా, ఒకటడగనా? ఉప్పుమల్ల దగ్గరికి కొంగలొస్తాయి కదా. వాటి మీద ఒకటి సూడాలనున్నాది. నువ్వుంటే బాగుంటాది."

అప్పారావు వెంటనే ఊఁ అనలేదు. కిటికీ అద్దం మూసి, వాడి వైపు పూర్తిగా తిరిగి కూచున్నాడు.

"నన్నేటి సెయ్యమంటావో, ఆ కొంగల్ని ఏటి సేస్తావో, ముందు మొత్తం సెప్పు. ఇన్నాక ఆలోసిస్తాను," అన్నాడు.

ఫిన్నీ కునుకు తీస్తున్న సుహాసినిని లేపాడు. ఆమె కళ్లు నులుముకుని, ముందుకు జరిగి కూచుంది. ఇద్దరూ కలిసి మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టారు.